ఎథిక్స్ కమిటీలో బయటి సభ్యుల కుర్చీ: రీసెర్చ్ ఎథిక్స్ వృత్తిలో నా అనుభవం

మన దేశంలో రీసెర్చ్ ఎథిక్స్‌ను విడిగా ఒక చదువుగా చెప్పే చోట్లు చాలా తక్కువ. మంగళూరులోని యెనెపోయ డీమ్డ్ విశ్వవిద్యాలయంలో దీనికోసం ఒక కేంద్రం ఉంది. తెలుగు రాష్ట్రాల నుంచి ఈ రంగంలోకి రావాలంటే మాత్రం పాత సబ్జెక్టుల్లో ఏదో ఒకటి పట్టుకునే రావాలి: ఫిలాసఫీ, సోషియాలజీ, లా, కమ్యూనిటీ మెడిసిన్, ఈమధ్య కంప్యూటర్ సైన్స్. నేను ఫిలాసఫీ వైపు నుంచి వచ్చాను. అధ్యాపకవృత్తితో పాటు, మనుషుల మీద జరిగే పరిశోధనలను ముందుగా పరిశీలించి అనుమతి ఇచ్చే మెడికల్ కాలేజీల ఎథిక్స్ కమిటీల్లో సోషల్ సైంటిస్ట్‌గా పనిచేస్తున్నాను. ఇక్కడ రాసేది ఆ పని ఎలా దొరుకుతుంది, ఎలా చేయాలి, ఎక్కడ దెబ్బతింటుంది అన్నది మాత్రమే.

ముందు పీహెచ్‌డీ సంగతి. అధ్యాపక అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్ సబ్జెక్టుల జాబితాలో బయోఎథిక్స్ (వైద్య, జీవశాస్త్రాల నైతికత) లేదు. అసిస్టెంట్ ప్రొఫెసర్ ప్రకటనలో మీ పీహెచ్‌డీ ఏ డిపార్ట్‌మెంట్‌దో, నెట్ ఏ సబ్జెక్టులోదో చూస్తారు. కాబట్టి అంశం ఎథిక్స్ అయినా, డిగ్రీ మాత్రం ఉద్యోగాలు పడే సబ్జెక్టులోనే తీసుకోవాలి. 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్లు, సాధారణంగా గరిష్ఠంగా 6 ఏళ్లు. కోర్స్‌వర్క్‌లో రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్ అనే 2 క్రెడిట్ల పేపరు, 30 గంటలు, అందరికీ తప్పనిసరి. ఆ పేపరు చదివితే రీసెర్చ్ ఎథిక్స్ వచ్చేసిందని చాలామంది అనుకుంటారు. అందులో ఎక్కువ భాగం కాపీ కొట్టడం, దొంగ జర్నళ్లు, సైటేషన్ లెక్కల గురించి. మనుషుల మీద జరిగే పరిశోధనలో ఆ మనిషికి ఏం బాకీ పడతామన్నది అందులో అంతంతమాత్రమే. దాన్ని విడిగా చదువుకోవాల్సిందే. మొదట చదవాల్సింది ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 జాతీయ నైతిక మార్గదర్శకాలు, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా. ఈ రంగానికి పునాది పత్రాలైన బెల్మాంట్ రిపోర్ట్, హెల్సింకి ప్రకటన ఆ తర్వాత చదివినా నష్టం లేదు.

ఇక కుర్చీ. ఎథిక్స్ కమిటీ అంటే డాక్టర్ల సమావేశం అనుకుంటారు గానీ చట్టం అలా చెప్పలేదు. 2019 న్యూ డ్రగ్స్ అండ్ క్లినికల్ ట్రయల్స్ రూల్స్ ప్రకారం కమిటీలో కనీసం 7 మంది ఉండాలి. కనీసం సగం మంది ఆ సంస్థతో సంబంధం లేనివాళ్లు కావాలి. ఒక సామాన్య పౌరుడు, ఒక మహిళ, ఒక న్యాయ నిపుణుడు తప్పనిసరి. సామాజిక శాస్త్రవేత్తో, స్వచ్ఛంద సంస్థ ప్రతినిధో, తత్వవేత్తో ఒకరు ఉండాలి. కోరం 5 మంది. ఆ ఐదుగురిలో లాయర్, సోషల్ సైంటిస్ట్ కోవలోని వ్యక్తి, సామాన్య పౌరుడు లేకపోతే మీటింగ్ చెల్లదు. డాక్టర్లు పదిమంది వచ్చినా సరే. అందుకే ప్రతి మెడికల్ కాలేజీలో కమిటీ పని నడిపే మెంబర్ సెక్రటరీ బయటి సభ్యుల కోసం ఎప్పుడూ వెతుకుతూనే ఉంటారు. ఫిలాసఫీ, సోషియాలజీ వాళ్లకు ఇదే మొదటి తలుపు.

తలుపు తట్టే పద్ధతి తేలిక. ఒక పేజీ బయోడేటా, గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ (మనుషుల మీద ట్రయల్స్ నడపాల్సిన పద్ధతి) శిక్షణ సర్టిఫికెట్, మీ పీహెచ్‌డీ పని గురించి రెండు పేరాలు జతచేసి మెంబర్ సెక్రటరీకి రాయాలి. శిక్షణ ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు. నియామక పత్రంతో పాటు గోప్యత ఒప్పందం మీద, ప్రయోజన సంఘర్షణ ప్రకటన మీద సంతకం అడుగుతారు. పదవీకాలం సాధారణంగా 2 నుంచి 3 ఏళ్లు. ఇచ్చే సిట్టింగ్ ఫీజు దారి ఖర్చులకు సరిపోతే చాలనుకోవాలి. దీన్ని జీతంగా లెక్క వేసుకుని దిగితే నిరాశ తప్పదు. అనుమతి కోసం పరిశోధకులు పంపే ఫైళ్లు చదవడం నుంచి వచ్చే చూపు మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకదు.

ఫైలు చదివే వరుస ముఖ్యం. నేను ముందుగా పరిశోధనలో చేరేవాళ్లకు ఇచ్చే తెలుగు సమాచార పత్రం చదువుతాను, ఇంగ్లీషు జోలికి పోకుండా. ఇంగ్లీషు చదివాక తెలుగు చదివితే, తెలుగులో లేని అర్థాన్ని మన మనసే పూరించేస్తుంది. సంతకం పెట్టబోయే మనిషి చేతిలో ఇంగ్లీషు కాగితం ఉండదు కదా. తెలుగు చదువుతూ నాలుగు ప్రశ్నలకు జవాబు రాసుకుంటాను: నన్ను ఏం చేస్తారు, ఎన్నిసార్లు రమ్మంటారు, వద్దంటే నా వైద్యం ఏమవుతుంది, ఏదైనా జరిగితే ఖర్చు ఎవరిది. తెలుగు కాగితం నుంచి నాలుగింటికీ జవాబు దొరక్కపోతే ఆ ఫైలు వెనక్కి పోవాల్సిందే. తర్వాత ప్రోటోకాల్, అంటే పరిశోధన ప్రణాళిక, అందులో ముందుగా శాంపిల్ సైజు లెక్క. ప్రశ్నకు జవాబు రానంత చిన్న శాంపిల్‌తో మనుషులకు సూదులు గుచ్చడం కూడా నైతిక తప్పే. చివరగా బడ్జెట్. కాగితం మీద ‘పరీక్షలన్నీ ఉచితం’ అని ఉండి, బడ్జెట్‌లో పరీక్షల పద్దు లేకపోతే ఆ ఖర్చు రోగి జేబులోంచే పోతుంది. ఇది పీజీ థీసిస్‌లలో తరచూ పట్టుబడే లోపం.

తెలుగు సమ్మతి పత్రాల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మన భాష తెలిసిన సభ్యులు తప్ప ఈ తప్పులు ఇంకెవరూ పట్టుకోలేరు. ‘రిస్క్’ను ‘ప్రమాదం’ అని రాస్తే చదివేవాళ్లకు రోడ్డు ప్రమాదం గుర్తొస్తుంది. ‘మీకు కలగగల ఇబ్బందులు, హాని’ అంటే సరిపోతుంది. ‘యాదృచ్ఛిక కేటాయింపు’ అన్నది ఎవరికీ ఎక్కదు. ‘లాటరీ’ అంటే ఎక్కుతుంది గానీ, అందులో గెలిచినవాళ్లకు మంచి మందు వస్తుందన్న అర్థం కూడా వెంట వస్తుంది. ‘చీటీలు తీసినట్టు, డాక్టరు ఇష్టంతోనో మీ ఇష్టంతోనో కాకుండా రెండు గుంపుల్లో ఏదో ఒకదాంట్లో పడతారు’ అని రాయించడం మేలు. ప్లాసిబో అంటే ‘మందు లేని మాత్ర’. 5 మిల్లీలీటర్ల రక్తం అంటే ‘ఒక టీ చెంచాడు’. అన్నిటికన్నా పెద్ద చిక్కు ‘పరిశోధన’, ‘పరీక్ష’ అన్న రెండు మాటలతో. పల్లెల్లో ‘మీకు కొన్ని పరీక్షలు చేస్తాం’ అంటే అది వైద్యంలో భాగమనే వింటారు. ఇది మీ వైద్యం కోసం కాదు, ముందుముందు తెలుసుకోవడం కోసం అన్న వాక్యం మొదటి పేరాలోనే ఉండాలి.

అనువాదాన్ని సరిచూడటానికి తెలుగు నుంచి మళ్లీ ఇంగ్లీషులోకి తిప్పించే పద్ధతి ఉంది. అది పనిచేయాలంటే తిప్పేవాళ్లు అసలు ఇంగ్లీషు ప్రతిని చూసి ఉండకూడదు, వైద్య చదువు ఉన్నవాళ్లు కాకూడదు. డాక్టరుకిస్తే ‘యాదృచ్ఛిక’ కనబడగానే ‘ర్యాండమైజ్డ్’ అని పెట్టేస్తారు. కాగితం మీద రెండు ప్రతులూ చక్కగా కలుస్తాయి, రోగికి మాత్రం ఏమీ అర్థం కాదు. మరో సంగతి: భద్రాచలం, ఉట్నూరు, పాడేరు వైపు వెళ్లే ఫైళ్లలో ‘స్థానిక భాష: తెలుగు’ అని రాసి ఉంటుంది. కోయ, గోండి, లంబాడీ మాట్లాడేవాళ్లకు అది ఇంటి భాష కాదు. అక్కడ కాగితంతో పాటు ఆ భాషలో నోటితో వివరించే మనిషి ఎవరో, ఆ మనిషికి శిక్షణ ఎవరిస్తారో ఫైల్లో ఉండాలి. చదవడం రానివాళ్లు వేలిముద్ర వేసేటప్పుడు చదువు వచ్చిన, పరిశోధన జట్టుతో సంబంధం లేని సాక్షి ఉండాలి. ఆ పరిశోధనలో పనిచేసే నర్సు సాక్షి కాలేరు.

ఇదంతా కాగితాల చాదస్తమని యువ పరిశోధకులు అంటే నేను 2009 నాటి ఖమ్మం సంగతి చెబుతాను. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం జిల్లాలో పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, ఐసీఎంఆర్ కలిసి ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) ప్రాజెక్టు నడిపాయి. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక వచ్చింది. మన రాష్ట్రంలో చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్లు పెట్టిన సంతకాలు అని అందులో ఉంది. ఆశ్రమ పాఠశాలలో ఉండే పిల్ల విషయంలో తల్లిదండ్రులు ఇవ్వాల్సిన సమ్మతిని వార్డెన్ సంతకం భర్తీ చేయదు. ఐసీఎంఆర్ ప్రకారం 7 నుంచి 12 ఏళ్ల పిల్లల అంగీకారం నోటితో, 12 నుంచి 18 వరకు సులువైన భాషలో రాతపూర్వకంగా తీసుకోవాలి. అదీ తల్లిదండ్రుల సమ్మతికి అదనంగా. హాస్టల్, బడి అన్న మాట ఏ ఫైల్లో కనబడినా నేను ఆ పేజీ మూల మడిచి పెట్టుకుంటాను.

ఐదారేళ్లుగా ఫైళ్ల తీరు మారింది. ఫోన్‌కు తగిలించే కెమెరాతో కంటి ఫొటో తీసి మధుమేహంతో వచ్చే కంటి జబ్బును పట్టే సాఫ్ట్‌వేర్లు, దగ్గు శబ్దం విని క్షయ చెప్పే యాప్‌లు, ఆశా కార్యకర్తల ట్యాబ్‌లోకి చేరే చాట్‌బాట్‌లు వస్తున్నాయి. ఐసీఎంఆర్ 2023లో ఆరోగ్య రంగంలో కృత్రిమ మేధ వాడకానికి విడిగా మార్గదర్శకాలు తెచ్చింది. మామూలు థీసిస్ ఫైలు 40 నిమిషాల్లో చదివేవాళ్లకైనా ఇలాంటిది మూడు గంటలు పడుతుంది. ఎక్కడెక్కడ చూడాలో చెబుతాను.

మొదటిది వెనక్కి తీసుకోవడం. ప్రతి సమ్మతి పత్రంలోనూ ‘ఎప్పుడైనా తప్పుకోవచ్చు’ అన్న వాక్యం అలవాటుగా పడిపోతుంది. ఒక మనిషి ఫొటోతో కృత్రిమ మేధ మోడల్‌కు శిక్షణ అయిపోయాక, ఆ ఫొటోను ఫోల్డర్లోంచి తీసేసినా మోడల్ నేర్చుకున్నది పోదు. కాబట్టి ఆ వాక్యం అబద్ధమవుతుంది. ‘ఫలానా తేదీ లోపు చెబితే మీ ఫొటో తీసేస్తాం, ఆ తర్వాత కుదరదు’ అని తేదీతో సహా రాయించాలి. కంపెనీలు దీనికి ఒప్పుకుంటాయి, అడిగేవాళ్లు లేకనే రాయరు.

రెండోది పేరు తీసేయడం. ఫైల్లో ‘డేటా అనామకం చేస్తాం’ అని ఒక్క లైను ఉంటుంది. ఎలా అని అడగాలి. ఎక్స్‌రే, స్కాన్ ఫైళ్ల లోపలి సమాచారంలో రోగి పేరు, పుట్టిన తేదీ, ఆసుపత్రి నంబరు దాగి ఉంటాయి. అల్ట్రాసౌండ్‌లో అయితే పేరు బొమ్మ మీదే అచ్చై ఉంటుంది, ఫైలు పేరు మార్చితే పోదు. గొంతు రికార్డింగ్‌కు పేరు తీసేసినా ఊరివాళ్లు గుర్తుపడతారు. పట్టికల్లో ఇంకో చిక్కు: మండలం, వయసు, కులం, జబ్బు నాలుగూ కలిస్తే చిన్న ఊళ్లో ఆ మనిషి ఎవరో చెప్పడానికి పేరు అక్కర్లేదు. వయసును పదేళ్ల వర్గాలుగా, మండలాన్ని జిల్లాగా మార్చమంటాను. అయిదుగురి కన్నా తక్కువ ఉన్న గడిని పక్క గడితో కలపమంటాను.

మూడోది డేటా నడిచే దారి. ప్రోటోకాల్లో సురక్షిత సర్వర్ ఉంటుంది, క్షేత్రంలో వాట్సాప్ ఉంటుంది. సిగ్నల్ అందక ఫీల్డ్ వర్కర్ తన సొంత ఫోన్‌తో ఫొటో తీసి సూపర్‌వైజరుకు పంపిస్తారు. ఆ ఫొటో ఇద్దరి గ్యాలరీల్లో, ఇద్దరి క్లౌడ్ బ్యాకప్పుల్లో మిగిలిపోతుంది. ఇందులో ఆ వర్కర్ తప్పేమీ లేదు. నెట్ లేనప్పుడు ఏం చేయాలో ప్రణాళికలో రాయకపోవడం తప్పు. ప్రాజెక్టు ఫోన్లు కొన్నారా, ఆఫ్‌లైన్‌లో దాచి తర్వాత పంపే ఏర్పాటు యాప్‌లో ఉందా అన్నది బడ్జెట్ పద్దులో వెతకాలి.

నాలుగోది, నేను ఎక్కువ పట్టుబట్టేది: యంత్రం తప్పు చెబితే ఎవరి మీద పడుతుంది. లేని జబ్బు ఉందని చెబితే ఆ మనిషి జిల్లా ఆసుపత్రికి వెళ్లాలి, ఒక రోజు కూలి పోతుంది, తోడు వచ్చేవాళ్ల కూలీ పోతుంది. ఆ డబ్బు ప్రాజెక్టు ఇస్తుందా? ఉన్న జబ్బు లేదని చెబితే? అందుకే మొదటి దశలో యంత్రం చెప్పింది డాక్టరుకు చూపకుండా, డాక్టరు నిర్ణయంతో పక్కన పెట్టి పోల్చుకునే పద్ధతి పెట్టమంటాను. యంత్రం మాట ముందే చూస్తే డాక్టరు చేయి కూడా అటే వంగుతుంది. శిక్షణకు వాడిన బొమ్మలు ఎక్కడివో కూడా అడగాలి. నగరంలోని పెద్ద ఆసుపత్రి కెమెరాతో నేర్చుకున్నది పీహెచ్‌సీలోని మసక వెలుతురులో అంతే బాగా పనిచేస్తుందన్న నమ్మకం పెట్టుకోలేం.

చట్టం పేరుతో వచ్చే ఒక అపార్థం కూడా ఇక్కడే. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిశోధనకు వర్తించదని ఫైళ్లలో రాసేస్తున్నారు. సెక్షన్ 17లో మినహాయింపు ఉన్న మాట నిజమే, షరతులతో. ఆ డేటాతో ఆ వ్యక్తి గురించే నిర్ణయం తీసుకోకూడదు, నిర్దేశించిన ప్రమాణాలు పాటించాలి. ‘మీకు జబ్బు ఉంది, ఆసుపత్రికి వెళ్లండి’ అని ఆ మనిషికే చెప్పే యాప్ మొదటి షరతు దగ్గరే ఆగిపోతుంది.

ఇంజనీరింగ్ వైపు పరిస్థితి వేరు. ఇప్పటి నిబంధనల చూపంతా వైద్య, ఆరోగ్య పరిశోధన మీదే. సోషల్ మీడియా పోస్టులను ప్రోగ్రాంతో మూకుమ్మడిగా దింపుకునే కంప్యూటర్ సైన్స్ విద్యార్థి చాలా కాలేజీల్లో ఏ కమిటీ ముందుకూ రారు. ‘అందరికీ కనిపించేదే కదా’ అన్నది వాళ్ల మాట. 2016లో ఓకేక్యుపిడ్ అనే డేటింగ్ సైటు నుంచి సుమారు 70,000 మంది వివరాలను పరిశోధకులు బయట పెట్టినప్పుడు చెప్పిన సమర్థన కూడా ఇదే. 2014లో ఫేస్‌బుక్ 6,89,003 మంది న్యూస్‌ఫీడ్‌ను మార్చి వాళ్ల భావోద్వేగాలు ఎలా మారాయో చూసిన పరిశోధన అచ్చయింది, వాళ్లను విడిగా అడగకుండానే. క్లాసులో ఈ రెండింటి పక్కన తెలంగాణ రేషన్ కార్డుల సంగతి పెడతాను: ఇంటికి వెళ్లి చూడకుండా కంప్యూటర్ లెక్కతో రద్దయ్యాయన్న కార్డుల మీద, దాదాపు 19 లక్షల వరకు, క్షేత్ర పరిశీలన చేయమని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది. టెక్నాలజీ ఎథిక్స్ చదవడానికి అమెరికా దాకా వెళ్లనక్కర్లేదని విద్యార్థులకు అక్కడ అర్థమవుతుంది.

కమిటీకి వచ్చే తప్పుల్లో సరిదిద్దలేనిది ఒకటుంది. డేటా అంతా సేకరించాక, జర్నల్ వాళ్లు అడిగారని అనుమతి కోసం రావడం. వెనకటి తేదీతో అనుమతి ఇవ్వడం కుదరదు, ఎంత మంచి పని అయినా. పీహెచ్‌డీ విద్యార్థులకు నేను చెప్పే లెక్క: మీటింగ్ నెలకో రెండు నెలలకో ఒకసారి, ఫైలు రెండు మూడు వారాల ముందు ఇవ్వాలి, మొదటిసారి సవరణలు రావడం మామూలే. క్షేత్రానికి వెళ్లాలనుకున్న రోజుకు ఆరు నెలల ముందే ఫైలు పెట్టాలి. అనుమతి వచ్చాక ప్రశ్నపత్రంలో ఒక ప్రశ్న మార్చినా కమిటీకి చెప్పాలి. ట్రయల్‌లో తీవ్రమైన హాని జరిగితే 24 గంటల్లో తెలపాలి. పని ముగిశాక కాగితాలు కనీసం 3 ఏళ్లు, ఔషధ నియంత్రణ పరిధిలోని ట్రయల్ అయితే 5 ఏళ్లు దాచాలి.

పేపర్లు అచ్చు వేసుకోవడంలో ఈ వృత్తికి ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. మీరు నేర్చుకున్నదంతా గోప్యత ఒప్పందం వెనక ఉంటుంది. చూసిన ఫైలు గురించి, పేరు మార్చి అయినా సరే, రాయకూడదు. నేను ఎంచుకున్న దారి ఇది: ప్రశ్నను మాత్రం కమిటీ గది నుంచి తీసుకోవాలి, సమాధానం కోసం విడిగా ఒక అధ్యయనం రాసి, నేను సభ్యత్వం లేని కమిటీ దగ్గర అనుమతి తీసుకోవాలి. సమ్మతి పత్రాల తెలుగు ఎంతమందికి అర్థమవుతోందన్నది ఇలా చేయదగ్గ పని, చేసేవాళ్లు తక్కువ. పంపడానికి 1993 నుంచి ముంబై నుంచి వస్తున్న ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ ఎథిక్స్ ఉంది. టెక్నాలజీ వైపు అయితే కంప్యూటర్ వ్యవస్థల న్యాయం, జవాబుదారీతనం, పారదర్శకతల మీద 2018లో మొదలైన ఫ్యాక్ట్ (FAccT) సదస్సు ఉంది. 2025లో యూజీసీ కేర్ అనే గుర్తింపు పొందిన జర్నళ్ల జాబితా ఎత్తేశాక ఏ జర్నల్ లెక్కకొస్తుందో మీ విశ్వవిద్యాలయం నిర్ణయాన్ని బట్టి ఉంటుంది. రాయడం మొదలుపెట్టే ముందే అడిగి తెలుసుకోండి.

ఉద్యోగాలు ఎక్కువగా ప్రాజెక్టు పోస్టులే, గ్రాంట్‌తో పాటు ముగిసేవి. స్థిరమైనవి ఫిలాసఫీ విభాగాల్లో, ఐఐటీల హ్యుమానిటీస్ విభాగాల్లో, లా విశ్వవిద్యాలయాల్లో, ప్రజారోగ్య సంస్థల్లో పడతాయి. కంపెనీల బాధ్యతాయుత కృత్రిమ మేధ బృందాల నుంచీ పిలుపులు వస్తాయి. వెళ్లేవాళ్లు కమిటీలో ఆ కంపెనీ ఫైలు వచ్చిన రోజు గది బయటికి నడవాలి, నడిచినట్టు మినిట్స్‌లో, అంటే సమావేశం రికార్డులో, నమోదు కావాలి. మీ కాలేజీ సహోద్యోగి ఫైలుకూ ఇదే నియమం. ఒప్పుకోని నిర్ణయానికి అసమ్మతి కూడా అంతే: టీ తాగుతూ చెప్పింది లెక్కలోకి రాదు, మినిట్స్‌లో మీ మాట మీ వాక్యంలో పడేదాకా సంతకం పెట్టొద్దు.

కొత్త సభ్యులకు, విద్యార్థులకు నేనిచ్చే మొదటి అభ్యాసం ఒకటే. ఒక తెలుగు సమ్మతి పత్రం తీసుకుని ఇంటికెళ్లి, పదో తరగతి దాటి చదవని పెద్దవాళ్లెవరికైనా బిగ్గరగా చదివి వినిపించాలి. ఎంతసేపు పట్టిందో రాసుకోవాలి. తర్వాత ‘ఇందులో నిన్ను ఏం చేస్తారట?’ అని అడిగి, వాళ్లు చెప్పిన మాటలను దిద్దకుండా అలాగే రాసుకుని తేవాలి. క్లాసులో మేం దిద్దేది పత్రాన్ని, ఆ మాటల పక్కన పెట్టుకుని, వాక్యం వాక్యంగా.